పిట్టగోడ లేని మేడ

ధ్యానమునకు: ద్వితీయోపదేశకాండము 22:8, నిర్గమకాండము 21:28–36, మత్తయి 18:15–17



అద్దె యిండ్లలో కాపురముండు విశ్వాసులు మమ్ములను తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యగారూ, మేముండే ఇంటి శ్లాబు పెచ్చులూడి పడుతోంది. వానొస్తే గోడ ముట్టుకుంటే జిల్లుమంటోంది. ఇంటివారికి చెప్పాం, చూద్దాంలే అన్నారు. మళ్లీ చెప్పాం, ఇష్టంలేకపోతే ఖాళీ చేయమన్నారు. ఇంకెవరికన్నా చెప్పుకోవచ్చా? చెప్పుకుంటే మన సాక్ష్యం చెడదా? ఓర్చుకొని ప్రార్థన చేసుకోమంటారా?"

ఇది చిన్న ప్రశ్న కాదు. ఇందులో రెండు ప్రశ్నలు ఇమిడియున్నవి. ఇంటిలోని అపాయమునకు బాధ్యుడెవడు? ఆ బాధ్యుడు కదలనియెడల దాని క్రింద నిద్రించువాని ధర్మమేమి? ఈ రెంటిని వాక్యపు వెలుగులోను, మన దేశపు చట్టము చూపు త్రోవలోను ఈ నెల ఆలోచింతము.

దేవుడు ఇల్లు కట్టువానితో చెప్పిన మాట

ఇశ్రాయేలీయుల యిండ్లకు చదునైన మిద్దెలుండెను. రాహాబు తన మిద్దెమీద జనుపకట్టె రాశివేసెను. పేతురు మిద్దెమీద ప్రార్థన చేసికొనెను. మన ఏలూరు డాబాలమీద వడియములు ఎండబెట్టుకొని, వేసవి రాత్రులు చాపలు పరచుకొని పండుకొనునట్లే వారును చేయుచుండిరి. అట్టి మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని, కట్టనందున ఎవడైనను పడినయెడల ఆ రక్తాపరాధము ఆ యింటిమీదికి వచ్చునని మోషే ధర్మశాస్త్రము చెప్పుచున్నది.

ఈ చిన్న ఆజ్ఞలో మనము మూడు సంగతులు గమనింపవలెను. మొదటిది, ఆజ్ఞ ఇల్లు కట్టువానికి ఇయ్యబడినది. మిద్దె యెక్కువాడా, జాగ్రత్తగా నడువుమని దేవుడు చెప్పి ఊరకొనలేదు. రెండవది, ఎవడును పడకమునుపే గోడ కట్టవలెను. మూడవది, పడువాడెవడో చెప్పబడలేదు. కుమారుడు కావచ్చును, పనివాడు కావచ్చును, అతిథి కావచ్చును. అద్దె యిచ్చువాడైనను ప్రాణము ప్రాణమే. మోషేకు ముందే బబులోనును ఏలిన హమ్మురాబి శాసనములోను ఒక విధి కలదు. ఇల్లు కూలి యజమానుడు చచ్చినయెడల కట్టినవానికి మరణశిక్ష. అది ఇల్లు కూలిన తరువాత శిక్షించు మాట. పిట్టగోడ ఆజ్ఞయో, మనుష్యుడు పడకమునుపే కాపాడు మాట.

లేవీయకాండము 14వ అధ్యాయములో మరియొక విధి కలదు. ఇంటి గోడలో కుష్ఠుపొడ కనబడినయెడల ఆ యింటి యజమానుడే యాజకునియొద్దకు వెళ్లి తెలియజెప్పవలెను. యాజకుడు మొదట ఇల్లు ఖాళీ చేయించును. చెడిన రాళ్లను ఊడదీయించి, గోడలు గీయించి, వేరు రాళ్లు పెట్టించి, క్రొత్త అడుసు పూయించును. అప్పటికిని మచ్చ తిరిగి వచ్చినయెడల ఇల్లు పడగొట్టింపవలెను. దీనినిబట్టి ఇంటికిని రోగము వచ్చునని, ఆ రోగమును దాచుట యజమానునికి తగదని, గోడకంటె గోడలోపలి మనుష్యుడు ముఖ్యుడని తెలియుచున్నది.

మన ప్రాంతపు ఇండ్లు

మన కొల్లేటి సీమలో ఈ మాటలు దూరపు మాటలు కావు. ఇచ్చటి నల్లరేగడి నేల వానలకు ఉబ్బి, ఎండలకు కుంచించుకొని నెరియలు విచ్చును. పునాది నిస్సారముగా వేసిన గోడ నేలతోకూడ కదలి పగులును. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు కొల్లేట చేరి ఉప్పుటేరు గుండ సముద్రమునకు పోవలెను. పోవు నీటికంటె వచ్చు నీరు హెచ్చైనప్పుడు ఊళ్లు మునుగును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతమును ముంచిన సంగతి మనమెరుగుదుము. ఆ నీరు మన లంక గ్రామములను కూడ చుట్టుకొనెను. వరద తీసిన తరువాత గోడ పైకి ఆరినట్లు కనబడినను లోపల తడి చాలకాలము నిలుచును.

ఆ తడి చేయు కీడు రెండు విధములు. శ్లాబులోని ఇనుప చువ్వలకు చెమ్మ తగిలి త్రుప్పు పట్టును. త్రుప్పు ఇనుముకంటె అనేక రెట్లు చోటు నాక్రమించును గనుక అది సిమెంటును లోపలినుండి త్రోసివేయును. పెచ్చులూడుట అనగా ఇదే. సున్నము పూసినంతమాత్రమున అది మానదు. మరక మాత్రము కనబడకపోవును. రెండవది విద్యుత్తు. పాతబడిన తీగెల తొడుగు చిట్లి, తడిసిన గోడకు కరెంటు ప్రాకును. సరియైన ఎర్తును, 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే కరెంటును ఆపివేయు స్విచ్చియు ఉన్నచో ప్రాణము దక్కును. ఆ స్విచ్చి ఖరీదు చాల యిండ్ల ఒక నెల అద్దెకంటె తక్కువ.

తాడేపల్లిగూడెములో ఉల్లి మార్కెట్టు హమాలీలు మొదలుకొని పైచదువులకు వచ్చిన విద్యార్థుల వరకు అద్దె గదులలో నున్నారు. చేతిపట్టు లేని మెట్లు, ఒకే గుమ్మము గల గది, గాలి పోని మూల గ్యాసు బండ, ఇవి కొత్తగా చెప్పవలసినవి కావు. చేపల చెరువు గట్లమీది కాపలా కుటుంబముల స్థితి ఇంకను కష్టము. గుడిసె చెరువు యజమానునిది. నాలుగు వైపుల నీరు. కర్రలమీద లాగిన కరెంటు తీగె గుమ్మము ప్రక్కనే ఉండును. పిల్లలు ఆడుకొను చోటు ఆ గట్టే. వారు అద్దె యియ్యరు గనుక అద్దె చట్టము వారిని చేరుట కష్టము. నోరు తెరచినయెడల ఇల్లును పనియు ఒక్కసారే పోవును. అయితే పిట్టగోడ ఆజ్ఞలో అద్దె మాటయే లేదు. ప్రాణము మాట మాత్రమే కలదు.

ఓర్పా? భయమా?

ఇక ఓర్పును గూర్చి చెప్పుదుము. ఓర్పు ఆత్మఫలమే. మనకు కలిగిన అవమానమును, నష్టమును ప్రభువు నిమిత్తము సహింపవచ్చును. అయితే ఓర్చుకొనుటకు మనకు అధికారమున్నది మన బాధను మాత్రమే. పెచ్చులూడు కప్పు క్రింద ఉయ్యాలలో నిద్రించు బిడ్డ తన ప్రాణమును మన ఓర్పునకు అర్పింపలేదు. ముసలి తల్లి తడిగోడను పట్టుకొని నడచునప్పుడు మనము మౌనముగా నుండి దానికి సాత్వికమని పేరు పెట్టరాదు. తన బుగ్గను త్రిప్పువాడు ధన్యుడు. పరుని బుగ్గను త్రిప్పించుటకు ఎవనికి సెలవు?

కొందరు దేవుడే కాపాడునని చెప్పుదురు. దేవుడు కాపాడువాడే. కాని దేవాలయ శిఖరముమీద నిలువబెట్టి క్రిందికి దుముకుమని, దూతలు ఎత్తిపట్టుకొందురని చెప్పినవాడు ఎవడు? అందుకు ప్రభువు, దేవుని శోధింపరాదని బదులు చెప్పెను. కూలునని తెలిసిన కప్పు క్రింద ప్రయత్నమేమియు చేయక పండుకొనుట విశ్వాసము కాదు, శోధనయే.

అయినను అద్దెదారుని భయమును మేము తేలికగా ఎంచము. అడ్వాన్సు తిరిగి రాదేమో, పిల్లల బడి మారునేమో, మరియొక యిల్లు దొరకదేమో యని అతడు భయపడును. మనవారిలో అనేకులకు ఇల్లు దొరకుటయే గగనము. గుమ్మములోనే మీరేమిట్లని అడిగి, కులము తెలిసికొని, ఇల్లు వేరొకరికి మాట యిచ్చితిమని పంపివేయువారు నేటికిని ఉన్నారు. అట్లు తిరిగి తిరిగి దొరకిన గదిని గూర్చి ఫిర్యాదు చేయుమనుట చెప్పినంత సులభము కాదు. భయము పాపము కాదు. భయమునకు ఓర్పని పేరు పెట్టుకొని ఊరకుండుట ప్రమాదము. దానిని భయమని ఒప్పుకొనినప్పుడే ఇతరుల సహాయమడుగుటకు నోరు వచ్చును.

పొడుచు ఎద్దు

నిర్గమకాండము 21వ అధ్యాయములో ఎద్దును గూర్చిన విధి మన ప్రశ్నకు తాళపుచెవి వంటిది. ఎద్దు ఒకని పొడిచి చంపినయెడల ఎద్దును రాళ్లతో చంపవలెను గాని యజమానుడు నిర్దోషి. అయితే అది పొడుచు అలవాటు గలదని అతనికి ముందే తెలుపబడియు దానిని కట్టివేయక పోయినయెడల యజమానుడును మరణపాత్రుడు. ఎద్దు అదే, కొమ్ము అదే, చచ్చినవాని ప్రాణమును అట్టిదే. వచ్చిన భేదమేమి? తెలుపబడుట. ఆ మాట చెవిని పడిన దినమునుండి యజమానుని లెక్క మారిపోయినది.

కాబట్టి అద్దెదారుడు చేయగల మొదటి గొప్ప కార్యము తెలియజేయుట. అది గొడవ కాదు, తిరుగుబాటు కాదు. యజమానుని తలమీదికి రక్తాపరాధము రాకుండ ఆపు ప్రేమకార్యము కూడ అదే. చెప్పనివాడు తన కుటుంబమునకే గాక యజమానునికిని కీడు చేయుచున్నాడు.

తెలిసియు కదలని యజమానులు ఏ కాలమునను ఉన్నారు. క్రీస్తు పూర్వము 44వ సంవత్సరమున రోమా పండితుడైన కికెరో తన స్నేహితునికి వ్రాసిన యొక లేఖలో, తన దుకాణములు రెండు కూలినవనియు, తక్కినవి పగుళ్లు తీసినవనియు, అద్దెవారేగాక ఎలుకలుకూడ లేచిపోయినవనియు పరిహాసముగా చెప్పెను. ధర్మములను గూర్చిన తన ప్రసిద్ధ గ్రంథమును అతడు వ్రాసినదియు ఆ సంవత్సరమందే. ధర్మమును గూర్చి వ్రాయుట వేరు, మన అద్దె యింటి పగులును చూచుట వేరు.

ఒక్కొక్క మెట్టు

సహోదరుడు తప్పు చేసినప్పుడు మొదట ఒంటరిగా, తరువాత ఇద్దరు ముగ్గురు సాక్షులతో, పిదప సంఘముతో చెప్పవలెనని ప్రభువు మత్తయి 18లో క్రమము నేర్పెను. ఇంటి యజమానుడు విశ్వాసి కాకపోవచ్చును. అయినను ఆ క్రమములోని మర్యాద ఎచ్చటనైనను పనికివచ్చును.

మొదట ఒంటరిగా వెళ్లి చెప్పుడి. పదిమందిలో సిగ్గుపరచకుడి. ఇంటికి పిలిచి ఆ పెచ్చులను చూపుడి.

కదలనియెడల వ్రాసి యియ్యుడి. ఏ గది, ఏ గోడ, ఎప్పటినుండి, ఏమి చేయవలెను అని నాలుగు వాక్యములు చాలును. చేతిలోని ఫోనుతో తేదీ కనబడునట్లు ఫోటోలు తీసి జతపరచుడి. స్పీడు పోస్టులో పంపి రసీదు దాచుకొనుడి. పెద్దలనిద్దరిని తీసికొని వెళ్లుడి. నోటి మాట గాలికి పోవును, వ్రాతయే సాక్షి.

ఈ వ్రాతకు మన చట్టములోను విలువ కలదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షను ప్రకారము, తనకు తెలిసియు అద్దెదారునికి పైకి కనబడని ముఖ్యమైన లోపమును ఇంటి యజమానుడు ముందే తెలుపవలెను. తాను చేయుటకు బద్ధుడైన మరమ్మతును నోటీసు ఇచ్చిన పిమ్మట తగిన కాలములో అతడు చేయనియెడల, అద్దెదారుడు దానిని తానే చేయించుకొని ఆ ఖర్చును వడ్డీతో అద్దెలో మినహాయించుకొనవచ్చును. ఎద్దు విధివలెనే ఇదియు తెలియజేయుటమీదనే నిలిచియున్నది. అగ్ని, తుపాను, వరదవలన ఇంటిలో ముఖ్యభాగము కాపురమునకు శాశ్వతముగా పనికిరాకపోయినయెడల, అద్దెదారుడు కోరినచో ఒప్పందము రద్దగును.

అయితే 'బద్ధుడైన' అను మాటను మరువకుడి. ఏ మరమ్మతు ఎవరిదో ఒప్పంద పత్రములో లేనియెడల వాదము పెరుగును. పత్రములో వేరుగా వ్రాసికొనినయెడల ఆ వ్రాతయే చెల్లును. కనుక ఇంటిలో దిగకమునుపే కప్పు, గోడలు, వైరింగు యజమానునివని వ్రాయించుకొనుడి. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన మాదిరి అద్దె చట్టములోను కట్టడపు మరమ్మతులు, గొట్టములు, విద్యుత్తు తీగెలు యజమానునికిని, స్విచ్చులు, కుళాయి వాషర్లు వంటి చిల్లర పనులు అద్దెదారునికిని పంచబడినవి. అది రాష్ట్రములకు మాదిరి మాత్రమే. అయినను పత్రము వ్రాసికొనుటకు మంచి నమూనా.

ఒక హెచ్చరిక. కోపముతో అద్దె మొత్తమును నిలిపివేయకుడి. అద్దె బాకీ యున్నవాడని ఖాళీ చేయించుటకు మీరే ఆయుధము చేతికిచ్చినవారగుదురు. అద్దె చెల్లించుచు, రసీదు తీసికొనుచు, న్యాయమడుగుడి.

అప్పటికిని వినని యజమానుని గూర్చి అధికారులకు చెప్పుట తప్పు కాదు. కూలునట్లున్న కట్టడమును గూర్చి ఏలూరులో నగరపాలక సంస్థకు, తాడేపల్లిగూడెములో పురపాలక సంఘమునకు, గ్రామములో పంచాయతీకి అర్జీ పెట్టవచ్చును. పడి జనులకు హాని చేయునట్లున్న కట్టడమును బాగుచేయుమని గాని తొలగించుమని గాని ఆజ్ఞాపించు అధికారము సబ్ డివిజినల్ మేజిస్ట్రేటునకు, అనగా మన ఆర్.డి.ఓ. గారికి కలదు. ఇది పూర్వము క్రిమినల్ ప్రొసీజరు కోడు 133వ సెక్షను. 2024 జులై 1 నుండి నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షను. మధ్యప్రదేశ్‌లోని రత్లాము పట్టణవాసులు మురుగు బాధపై ఈ పాత సెక్షను క్రిందనే అర్జీ పెట్టిరి. డబ్బు లేదను సాకుతో పురపాలక సంఘము తన బాధ్యతను తప్పించుకొనరాదని 1980లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. సామాన్యుల అర్జీ అంత దూరము పోయినది.

వీధి స్తంభమునుండి వచ్చు తీగెలో లోపమున్నచో విద్యుత్తువారికి 1912 నంబరున చెప్పవచ్చును. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు తెగలవారికి, వరద వంటి విపత్తునకు గురియైనవారికి 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము ఉచితముగా న్యాయవాది దొరకును. ఆ సేవల నంబరు 15100. మన రాష్ట్రపు అద్దె చట్టము మీ సంగతిలో ఎట్లు వర్తించునో వారినే అడిగి తెలిసికొనుడి.

ఇది శరీర సంబంధమైన మార్గమని సందేహించువారికి పౌలు మాదిరి చాలును. ఫిలిప్పీలో న్యాయవిచారణ లేకుండ తన్ను కొట్టించిన అధికారులు రహస్యముగా పంపివేయజూచినప్పుడు అతడు ఒప్పుకొనలేదు. తాను రోమీయుడనని చెప్పి, వారే వచ్చి వెలుపలికి తీసికొనిపోవలెననెను. ఆ పౌలే తరువాత రోమాలో రెండు సంవత్సరములు అద్దె యింట కాపురముండెను. అన్యాయపు న్యాయాధిపతి తలుపు తట్టి తట్టి విసిగించిన విధవరాలిని ప్రభువు గద్దింపలేదు, మనకు మాదిరిగా చూపెను.

కొన్నిసార్లు మిగిలిన త్రోవ ఇల్లు విడుచుటయే. కప్పు నేడో రేపో పడునట్లున్నచో తీర్పు వచ్చువరకు కాచుకొనరాదు. ముందు పిల్లలను బయటికి తీసికొనిపొండి. వాదము తరువాత నడచును. అది ఓటమి కాదు. యాజకుడు కుష్ఠుపొడ గల యింటిలో మొదట చేయించినది ఇల్లు ఖాళీ చేయించుటయే కదా!

ఇండ్లు గలవారికి, సంఘమునకు

ఇండ్లు అద్దెకిచ్చువారిలో విశ్వాసులును ఉన్నారు. అందరును ధనవంతులు కారు. భర్త పోయిన స్త్రీ ఆ రెండు గదుల అద్దెతోనే బ్రదుకుచుండవచ్చును. ఆమెకు శ్లాబు వేయించు శక్తి లేకపోవచ్చును. అట్టివారు అపాయమును దాచక, ఆ గదిని మూసివేసి, ఉన్న సంగతి చెప్పవలెను. అద్దెదారుడును ఖర్చులో కొంత ముందుగా పెట్టి నెల నెల మినహాయించుకొనవచ్చును. శక్తి కలిగియు రేపు రమ్మని పంపువానికి మాత్రము సామెతల గ్రంథము 3వ అధ్యాయములో గద్దింపు కలదు.

లండనులో 1865లో ఆక్టేవియా హిల్ అను క్రైస్తవ స్త్రీ, జాన్ రస్కిన్ కొనిన మూడు పాడుపడిన యిండ్లను నడిపించుటకు పూనుకొనెను. పెట్టుబడికి నూటికి 5 చొప్పున ఆదాయము చెల్లించుచునే మరమ్మతులకు సొమ్ము ప్రత్యేకించి, మిగిలినదానిని ఏ బాగునకు వాడవలెనో అద్దెవారినే అడిగెను. 1884లో ఇంగ్లండు సంఘపు ఆస్తులు చూచు అధికారులు సౌత్‌వార్క్ ప్రాంతమందలి తమ యిండ్ల పాలనను ఆమెకు అప్పగించిరి. సంఘమును ఇంటి యజమానియే! మన సంఘములకును గుడి ఆవరణలో గదులు, రోడ్డువైపు దుకాణములు, పాత మిషను బంగళాలు కలవు. వాటి తీగెలను, మెట్లను, కప్పులను కమిటీ పెద్దలు సంవత్సరమున కొకసారి ఎలక్ట్రీషియనుతోను మేస్త్రీతోను చూపింపవలెను. తీర్పు దేవుని యింటియొద్ద ఆరంభమగునని పేతురు వ్రాసిన మాట ఇందుకును వర్తించును.

సంఘము చేయవలసినది మరియొకటి కలదు. అద్దెదారునికి ఎన్ని మార్గములున్నవనునది చట్టముమీద మాత్రమే ఆధారపడదు. అతనితో కూడ నడచువారెందరు అనుదానిమీద కూడ ఆధారపడును. ఒంటరిగా అర్జీ పట్టుకొని వెళ్లువాని కాళ్లు వణకును. ఇద్దరు పెద్దలు తోడైనచో అతని మాటకు బలము వచ్చును. ఖాళీ చేయుమన్న రాత్రి ఒక విశ్వాసి వరండాలో చోటిచ్చినయెడల, క్రొత్త యింటి అడ్వాన్సుకు సంఘము చేబదులిచ్చినయెడల, అతడు ధైర్యముగా నోరు తెరవగలడు. చెరువు గట్టుమీది కాపలావానికి చట్టముకంటె ముందు కావలసినది ఈ తోడే. న్యాయమడుగుమని ప్రసంగించి, అడిగినవానికి పండుకొను చోటు చూపని సంఘము అతనిని పిట్టగోడ లేని మేడమీదికి ఎక్కించినట్లే.

ప్రియులారా, ఈ వారము మీరుండు యింటి కప్పును, మీరు అద్దెకిచ్చిన యింటి కప్పును చూడుడి. అపాయము కనబడినచో, అద్దెకున్నవారు చెప్పుడి. ఇల్లు గలవారు బాగుచేయుడి. పొరుగువారు తోడు వెళ్లుడి. మన నిర్లక్ష్యముచేత ఒక ప్రాణమైనను పోకుండునట్లు ప్రభువు మనకు తెలివిని ధైర్యమును దయచేయును గాక. ఆమేన్.